బావ వేయించిన ఫ్లెక్సీ

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ముసునూరు రోడ్డు మీద వస్తుంటే, మా మామిడితోట మలుపులో ప్లాట్ల అమ్మకం ఫ్లెక్సీ కొత్తగా కనిపించింది. అందులో మామిడిపండు కన్నా మా బావ ముఖమే పెద్దది. బండి ఆపి చాలాసేపు చూశాను. ఫొటోలో బాగానే పడ్డాడు, అదే నా బాధ.

బావ మా మేనత్త కొడుకు, నాకన్నా ఏడాది పెద్ద. వాళ్ళది బాపులపాడు, మామయ్య బస్సు కండక్టరు, సెంటు భూమి లేదు. వేసవి సెలవులకు బావ మా ఇంటికి వచ్చేవాడు. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో తోటను పూత మీదే షావుకారుకు అమ్మేసేవారు, ఇక కోత అయ్యేదాకా చెట్లు మనవే గానీ కాయ మనది కాదు. షావుకారు పెట్టిన కాపలా మనిషి నన్ను మాత్రం, "ఓనరుగారబ్బాయివి, రా బాబూ" అని లోపలికి వదిలేవాడు. బావ ముళ్ళకంచె అవతలే ఆగిపోయి, నేను రాలుకాయలు ఏరుకొచ్చేదాకా రోడ్డున పోయేవాళ్ళందరితో కబుర్లాడుతుండేవాడు.

ఇద్దరం ఒకే పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాం. నేను పాసై సర్వే పనిలో చేరాను, బావ మధ్యలో మానేసి ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. రియల్ ఎస్టేట్‌లోకి మనుషులు ఎందుకు వెళ్తారనేదానికి నా దగ్గర మూడు కారణాలుండేవి: ఒకటి చదువు అబ్బకపోవడం, రెండు తొందరగా కారు కొనాలనుకోవడం, మూడు నోరు ఊరుకోకపోవడం. మూడూ బావకు అతికినట్టు సరిపోయాయని చాలా ఏళ్ళు నిశ్చింతగా ఉన్నాను.

తోట ముదిరి కాపు తగ్గినప్పుడు, దాన్ని నిలబెట్టాలని నాకు గట్టిగా ఉండేది. ముసలి కొమ్మలు కొట్టించి, డ్రిప్ వేయించి, ఖాళీల్లో కొత్త అంటుమొక్కలు నాటుదామని నాన్నకు వరసగా చెప్పాను. "చూద్దాంలేరా" అన్నారు. ఆ వారమే నేను ఇంట్లో లేనప్పుడు బావ వచ్చి, అమ్మ వేసిన గారెలు తింటూ, "మావయ్యా, చిన్నప్పుడు మీరు ముందు ఎక్కిన చెట్టేదండీ?" అని అడిగాడట. నాన్న చెబుతూనే ఉన్నారట. బావ లేచేసరికి తోటను ప్లాట్ల వెంచర్‌కు ఇస్తానని మాట కూడా ఇచ్చేశారు.

ఆ కడుపుమంటతోనే బావను వీధిలో పట్టుకున్నాను.

"ఏముందని చేరావు బావా ఈ పనిలో? అన్నీ అబద్ధాలేగా!"

"పెళ్ళిళ్ళ పేరయ్యలు చెప్పట్లేదేంట్రా?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు ఓనరుగారబ్బాయివి బామ్మర్దీ, నీకు తెలీదు. సెంటు భూమి లేనోణ్ణి తోటలోకి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టే పని ఇదొక్కటేరా" అన్నాడు.

నా మూడింటిలో ఈ కారణం లేదు.

మొన్న ఆదివారం ఆ ఫ్లెక్సీ దాటి తోట లోపలికి వెళ్ళాను. హద్దురాళ్ళు వేసే పని బావ నాకే ఇప్పించాడు. ప్లాటుకో చెట్టు ఉంచుతామన్నాడట, కొనడానికి వచ్చినవాళ్ళను నాన్నే వెంటబెట్టుకుని తిప్పుతున్నారు. ఇది మా నాన్న నాటిన చిన్నరసమండీ, ఇది గాలివానకు ఒరిగి మళ్ళీ నిలబడిందండీ అని, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఒక్కో చెట్టు కథా చెబుతుంటే, ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్న నేను కూడా వాళ్ళతో పాటే మొదటిసారి విన్నాను.

ఒకావిడ నా దగ్గరికొచ్చి, "సర్వేయరుగారూ, మా చెట్టు ఏ రాయి దగ్గరికొస్తుందండీ?" అంది.

నేను చూసి చెప్పేలోగా నాన్నే ఆవిడను చెట్టు దాకా తీసుకెళ్ళారు. తోటలన్నీ ప్లాట్లయిపోతున్నాయని మావాళ్ళంతా బాధపడుతుంటారు. నాకు ఆ బాధ దాకా వెళ్ళే తీరిక ఇంకా దొరకలేదు. నేనెప్పుడూ అడగని ఆ కథలు చెబుతున్నప్పుడు నాన్న గొంతులో ఆ హుషారు ఎవరికోసం వచ్చిందన్న దగ్గరే ఆగిపోయాను.