ఊపిరి చాలినంత పాట

టేకులపల్లి వైపు అంబులెన్స్‌లో నర్సుగా చేసేది పద్మప్రియ. అడవి దారిలోనే ఎందరికో పురుడు పోసింది. పోయిన వానకాలం ఒక గర్భిణిని తీసుకపోతుంటే వాగు పొంగి బండి ఆగిపోయింది. లోపలే కాన్పయింది. పాప బతికింది గానీ రక్తం ఆగక తల్లి పోయింది. వైరాకు పనికి పోయిన ఆమె భర్త బలరాం తెల్లారి వచ్చిండు. "మీ తప్పేం లేదమ్మా" అన్నడు. ఆ మాటకు పద్మప్రియ తల ఎత్తలేకపోయింది.

అప్పటి నుంచి సైరన్ వింటే చాలు, ఛాతీ బిగుసుకుపోయేది. సెలవు పెట్టి కొత్తగూడెంలో కిరాయి గదిలోనే ఉండిపోయింది. ఖమ్మం డాక్టరు మందులిస్తే నిద్రయితే పట్టింది. మాట మాత్రం తగ్గిపోయింది. అవ్, కాదు, అంతే.

కింది వాటాలో గుర్మీత్ కౌర్ ఉండేది. ఆమె తాత పంజాబ్ నుంచి లారీ తోలుకుంటూ వచ్చి ఇక్కడే నిలిచిపోయిండు. ఒక ఆదివారం ఆమె పైకొచ్చింది.

"మా గురుద్వారాల కీర్తన ఉంది పద్మా. వచ్చి కూసో."

"మీ పాటలు నాకు తెల్వయి కదక్కా."

"తెలిసినోళ్లే రావాల్నా ఏంది? చున్నీ తలమీద వేసుకో, నడువు."

రేకుల కప్పు కింద చిన్న హాలు. గుర్మీత్ హార్మోనియం పట్టింది, ఆమె మరిది తబలా ముందు కూర్చున్నడు. ఒక చరణం, మళ్లీ పల్లవి, ఇంకో చరణం, మళ్లీ అదే పల్లవి. ఎక్కడా తొందర లేదు. పద్మప్రియకు ఒక్క మాటా అర్థం కాలేదు. పల్లవి ఎప్పుడొస్తదో మాత్రం కాసేపటికే తెలిసిపోయింది. ఇన్ని నెలలుగా ఆమెకు రాబోయేదంటేనే భయం. ఇక్కడ రాబోయేది తెలుసు, అదే వస్తున్నది. భుజాలు వాటంతటవే దిగినయి. ఏడ్చింది. ఎవరూ తిరిగి చూడలేదు.

తర్వాత అందరితో పాటు నేల మీద కూర్చుని రొట్టె, పప్పు తింటూ అడిగింది.

"ఆ పాట ఏం చెప్తదక్కా?"

"కష్టంల ఉన్నోడు దేవుణ్ని పిలుస్తున్నడు. కష్టం తీయమని కాదు, దగ్గర ఉండమని."

పద్మప్రియ చెయ్యి కంచంలోనే ఆగింది. "నేను ఆ తల్లి చెయ్యి వదల్లేదక్కా" అన్నది. జరిగిందంతా మొదటిసారి చెప్పుకున్నది. గుర్మీత్ తన కంచం పక్కకు జరిపి విన్నది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయింది. పాడటం మొదలుపెట్టింది. గొంతు సన్నం, శృతి జారిపోయేది. "గట్టిగ వద్దు, ఊపిరి చాలినంతనే పాడు" అనేది గుర్మీత్. మందులు, పాట రెండూ నడవనియ్యమన్నడు డాక్టరు. చలికాలం పోయేసరికి డ్యూటీలో చేరింది. సైరన్‌కు ఛాతీ ఇప్పుడూ బిగుస్తది. మెల్లగ ఊపిరి వదిలితే సర్దుకుంటది.

ఒకరోజు తనే బలరాం ఇంటికి పోయింది. పాప నానమ్మ ఒడిలో ఉంది. బలరాం ఆమెకు కుర్చీ వేసి అడిగిండు.

"ఆమె ఏమన్న అన్నదా అమ్మా, పోయేముందు?"

"పాప ఏడుపు విన్నది. ఆడపిల్లనా అని అడిగింది. అవునన్న. నవ్వింది."

బలరాం తలూపిండు. లోపలికి పోయి, పద్మప్రియకు తాగటానికి నీళ్లు తెచ్చిచ్చిండు.