మాస్టారు విప్పి చెప్పిన పగ

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. పోర్ట్ బ్లెయిర్ శివారు ప్రోతరాపూర్‌లో తన ఇంట్లోనే, మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదు. మిడిల్ పాయింట్‌లో నేను పనిచేసే ఆఫీసుకు ఫోన్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత మంచి మనిషి వెళ్ళిపోయాడు, ఆయన బతుకు పాడుచేసినవాడు మాత్రం పొద్దునా సాయంత్రం షికారు చేస్తూ నిక్షేపంగా ఉన్నాడు.

మాస్టారు కుర్రతనంలో చర్చి ఫాదర్ అవుదామని విశాఖ వైపు ఒక సెమినరీలో లాటిన్ చదివారట. తర్వాత ఆ దారి మానుకుని, మా చర్చి శాఖకు చెందిన తెలుగు పిల్లను పెళ్ళాడి, ఈ దీవుల్లో జనం ఇంకా అడవి కొట్టుకుని ఇళ్ళు వేసుకుంటున్న రోజుల్లో ఓడెక్కి వచ్చేశారు. సాసర్లో టీ పోసుకున్నారంటే ఒక మాట పట్టుకునేవారు. టీ అయ్యేలోపు ఆ మాట ఎన్ని దేశాలు తిరిగిందో చెప్పేవారు. మాటలు కూడా మనలాంటి సెటిలర్లే, దిగిన చోట ఏ పని దొరికితే ఆ పని చేసుకు బతుకుతాయి అనేవారు.

నాకు బాగా గుర్తున్న పాఠం బడిలో జరగలేదు. ఫీనిక్స్ బే జెట్టీలో ఓడ టికెట్ల క్యూలో జరిగింది. ఎవడో నన్ను తోసుకుని ముందుకు పోతే, వీడి మీద రివెంజ్ తీర్చుకోకపోతే చూడండి అన్నాను. అంతే, మాస్టారు మొదలుపెట్టారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో విండికారే, అంటే ఇది నాది అని నిలబడి అడగడం. విండిక్టా అంటే బానిసకు స్వేచ్ఛ ఇచ్చేటప్పుడు తాకించే కర్ర, శిక్ష కూడా. ఇటలీ చేరి అది వెండెట్టా అయింది, తరాల తరబడి సాగే పగ. స్పెయిన్‌లో వెంగాన్సా. ఫ్రాన్సువాళ్ళ రవాంష్‌ని జర్మన్లు తెచ్చుకుని, ఓడిపోయిన జట్టు మళ్ళీ ఆడే ఆటకు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో విండికేట్ అంటే నింద పడ్డ మనిషి నిర్దోషి అని తేల్చడం. పోర్చుగీసులో వింగార్ అంటే పగ తీర్చుకోవడమే కాదు, నాటిన మొక్క బతికి నిలవడం కూడానట. అందుకే పెరట్లో వక్కమొక్క కొత్త ఆకు వేస్తే ఆయన 'వింగో', నిలదొక్కుకుంది అని సంబరపడేవారు.

ఆయనకు జరిగింది చెబుతాను. అప్పట్లో మా బడిలో పరీక్ష పేపరు ముందే బయటికి పొక్కింది. పొక్కించింది హెడ్‌మాస్టరు, తన మేనల్లుడి కోసం. నింద మాత్రం పేపరు తయారుచేసిన మా మాస్టారి నెత్తిన పడింది. ఆయన్ని దక్షిణాన ఎక్కడో దూరపు దీవికి బదిలీ చేశారు. అక్కడ మాస్టారి భార్యకు జ్వరం ముదిరింది. సముద్రం బాగోలేక ఓడ రాలేదు. ఆవిడ అక్కడే పోయింది. ఆవిడ సమాధి అక్కడే ఉంది, మాస్టారు ఒక్కరే తిరిగొచ్చారు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ మేనల్లుడే మాస్టారింటికి వచ్చి, నేను అక్కడ ఉండగానే, పేపరు మామయ్యే ఇచ్చాడని చెప్పి ఏడ్చాడు. మాస్టారు అతనికి టీ ఇచ్చి, అప్పుడు నువ్వు పిల్లాడివి కదా నాయనా అన్నారు. నేను ఊరంతా చాటేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఆ మాట హెడ్‌మాస్టరు నోటినుంచే రావాలమ్మాయ్. ఒక్కసారి అంటే చాలు, నేను విడుదలైపోతాను."

మీకు బానిసను విడిపించే ఆ కర్ర చాలేమో, నాకు ఇటలీవాళ్ళ పగే కావాలి అన్నాను. నవ్వారు. చివరిదాకా ఎదురుచూశారు. ఆ మాట రాలేదు.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. జ్ఞాపకార్థ కూటంలో ఎవరైనా లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పొచ్చు. చెబుతున్న మనిషికి ఎవరూ అడ్డురాకూడదు. అది తెలియని హెడ్‌మాస్టరు మామూలు సంతాపసభ అనుకుని, తెల్లబట్టలు కట్టుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. తన వంతు వచ్చేసరికి లేచి, మేమిద్దరం భాయీ భాయీ అన్నట్టు ఉండేవాళ్ళం, సేవ చేద్దామని మాస్టారే అడిగి మరీ ఆ దీవికి వెళ్ళాడు అన్నాడు. మాస్టారు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఒక్క మాట చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉందా? చచ్చిపోయిన మనిషి మీద కూడా అబద్ధమే చెప్పాడు.

నేను లేచాను.

"మాస్టారు అడిగి వెళ్ళలేదు. మీరు పంపించారు. పేపరు బయటపెట్టింది మీరు."

హెడ్‌మాస్టరు లేవబోతే పాస్టరుగారు కూర్చోమని చెయ్యి చూపించారు. సాక్ష్యానికి అడ్డురాకూడదు మరి. నేనంతా చెప్పాను, మాస్టారి భార్య సమాధి దాకా. ఇంతలో వెనక వరసలోంచి మేనల్లుడు లేచాడు.

"దీదీ చెప్పింది సచ్. పేపరు మామయ్యే నా చేతికిచ్చాడు. మాస్టర్‌జీకి ఏం తెలీదు."

హెడ్‌మాస్టరు మాట్లాడి కూర్చున్నప్పుడు ఏదో మొక్కుబడిగా దేవునికి స్తోత్రం అన్న జనం ఈసారి గట్టిగా అన్నారు. మాస్టారి పేరు మీది మచ్చ పోయింది. ఆయనైతే అక్కడితో ఆగమనేవారు. నేను ఆగలేదు. హెడ్‌మాస్టరు మొహం ఎలా మాడిపోయిందో తనివితీరా చూశాను.

కూటం అయ్యాక అందరం పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కాం. హెడ్‌మాస్టరు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కిక్కిరిసిపోయింది. ముసలివాళ్ళు కూడా కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఒళ్ళో పసిపిల్ల ఉన్న తల్లికి ఆయన జరిగి చోటిచ్చాడు. ఆమె ఆ సీటు వంక చూసి, పిల్లను భుజం మార్చుకుని నిలబడే ఉంది. మిడిల్ పాయింట్ దాకా ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.