కన్ను లేని గాలం

"ఏం చేస్తున్నవే?" అని అడిగితే నా చిన్న కూతురు నా వైపు చూసింది గానీ జవాబు చెప్పలేదు. మూడేళ్ల పిల్ల. నిద్రలో కూడా ఏదో ఒకటి మాట్లాడుతుంది. అట్లాంటిది పెదవులు బిగించుకుని బల్ల పక్కన ఊరికే నిలబడి ఉంది. నోటి మూలలోంచి ఎర్రటి పట్టుదారం గడ్డం మీదికి వేలాడుతోంది. నాకు మొదట భయం పుట్టింది ఆ దారాన్ని చూసి కాదు, అది మాట్లాడకపోవడం చూసి. ఆ తర్వాతే బల్ల మీద పెట్టిన పౌడర్ డబ్బా మూతలోకి చూశాను. నాలుగు గాలాలు ఉండాలి. మూడే ఉన్నాయి.

ఆ గాలాలు నేను చేపలు పట్టడానికి తెచ్చుకున్నవి కావు. చిన్నదానికి పాలిచ్చే రోజుల్లో ఒకసారి ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరో పెద్దాయన ఒక గాలం చుట్టూ పట్టుదారం, వెండి తీగ, రంగురంగుల ఈకలు చుట్టి పురుగు కాని పురుగును తయారు చేస్తున్నాడు. చల్లటి దేశాల నదుల్లో సాల్మన్ అనే చేప ఉంటుందట. నూరేళ్ల కిందట దాని కోసం ఇట్లా కట్టేవారట. ఇప్పుడు చాలామంది నీళ్లలో వెయ్యరు, అద్దాల చట్రంలో పెట్టుకుంటారు. అది చూస్తున్నంతసేపూ నాకు వేరే ఆలోచన రాలేదు. గ్యాస్ కట్టేశానా, పెద్దది స్కూల్ మెట్ల మీద జారిపడుతుందా, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసే మా ఆయన ఇప్పుడు ఏ స్తంభం మీద ఉన్నాడు, ఇవేవీ గుర్తు రాలేదు. డిగ్రీ చదివి, పెళ్లయి, ఆదిలాబాద్ వచ్చాక అంతసేపు ప్రశాంతంగా ఉన్నది అదే మొదటిసారి.

గాలాలు తెప్పించుకున్నాను. జరీ పాత చీర అంచులోంచి వచ్చింది. ఈకలు చికెన్ షాపతను నవ్వుతూ కవర్లో వేసిచ్చాడు. గాలాన్ని పట్టి ఉంచడానికి మా ఆయన తీగలు వంచే పకడ్ వాడాను, పిడులకు రబ్బరు బ్యాండు బిగిస్తే అది కదలదు.

"గీ చేప మన ఏ చెరువుల దొరుకుతది?" అని అడిగింది అత్తమ్మ.

"మన దేశంలనే ఉండదత్తమ్మా."

"మరి గాలమెందుకు?"

"చూసుకునేందుకు."

"మంచిగుంది. కూర లేదు గాని మసాలా నూరుతున్నవ్."

పాతకాలపు గాలాలకు దారం ఎక్కించే కన్ను ఉండదు. పట్టుదారాన్ని మెలిపెట్టి, మడిచి, గాలం కాడకు చుట్టి ఆ కన్ను మనమే కట్టాలి. అదే మొదటి పాఠం. చుట్టే ముందు దారానికి మైనం రాయాలని వీడియోలో ప్రతిసారీ చెప్పేవాళ్లు. నేను రాయలేదు. నాకెందుకులే అనుకున్నాను. కరీంనగర్ వైపు మా ఊళ్లో అందరూ నేత పనివాళ్లే. మా అవ్వ, అంటే మా అమ్మ, ఇప్పటికీ సాంచా మగ్గం నడుపుతుంది. పోగును అటూ ఇటూ మోసే నాడె కన్నంలోంచి దారం కొసను నోటితో పీల్చి లాగుతుంది. తెగిన పోగును ఉమ్మితో తడిపి ముడేస్తుంది. రెండు చేతులూ ఖాళీ లేనప్పుడు మా ఇంట్లో నోరు మూడో చెయ్యి. నేనూ అట్లాగే దారాన్ని పెదవుల మధ్య తడిపి చుట్టేదాన్ని. చుట్టిన గాలాన్ని, రెండో దారం వెతికేటప్పుడు, పెదవులతోనే పట్టుకునేదాన్ని. నాకది తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

చలికాలం, స్కూల్ లేని ఆ రోజు మధ్యాహ్నం బయట ఆరేసిన బట్టలు తేవడానికి లేచాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి చిన్నది అట్లా నిలబడి ఉంది.

అరవకూడదని మాత్రం తెలిసింది. అరిస్తే ఉలిక్కిపడి మింగేస్తుంది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నోరు తెరువు బిడ్డా. ఆఁ అను."

ఆట అనుకుని తెరిచింది. నాలుక మీద దారం తప్ప ఏమీ లేదు. మెల్లగా లాగితే తడిగా బయటికి వచ్చింది. నేను వేసిన చుట్లు స్ప్రింగులా అట్లాగే ఉన్నాయి. వాటి మధ్యలో గాలం లేదు. మైనం లేని చుట్లు జారిపోయాయి.

"మింగినవా?"

అవునని తల ఊపింది.

"కింద పడేసినవా?"

దానికీ ఊపింది.

గడప దగ్గర రెండో తరగతి చదివే నా పెద్ద కూతురు నిలబడి ఉంది. "నీ లెక్కనే చేసిందమ్మా. నువ్వు గూడ గట్లనే పెట్టుకుంటవ్ గదా," అంది. కొండెం చెప్పినట్టు కాదు, మామూలుగా చెప్పింది.

నేల మీద అరచేతులతో తడిమాను. చాప దులిపాను. ఈలోపు అత్తమ్మ వంటింట్లోంచి అన్నం ముద్ద పట్టుకుని వచ్చింది.

"ముల్లు ఇరికితే ముద్ద మింగియ్యాలె. జర జరుగు."

"అది చేపముల్లు కాదత్తమ్మా. ఇనుపది. కొక్కెం ఉంటది."

"ఇనుపదైతే ఏంది, కిందికి దిగుతది."

ముద్ద చిన్నదాని నోటి దగ్గరికి పోయింది. ఆమె చేతిని కొట్టాను. అన్నం గోడకు తగిలి రాలింది. ఎనిమిదేళ్ల కాపురంలో అత్తమ్మ మాటకు ఎదురు కూడా చెప్పినదాన్ని కాదు. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఆటోలో చిన్నదాన్ని నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. దగ్గకుండా ఉండాలని, ఏడవకుండా ఉండాలని, గుంతలు రాకూడదని. "ఫికర్ చెయ్యకు అక్కా, మెల్లగ పోతున్న," అన్నాడు ఆటో అతను. మెల్లగా పోతే కూడా భయమే వేసింది.

పిల్లల ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే అతను "స్వెటర్ ఉండనియ్యమ్మా, పలక సల్లగుంటది, ఏడిస్తే కదులుతది," అన్నాడు. తీశాడు. డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. పక్కటెముకల మధ్య, సుద్దతో గీసినట్టు, తెల్లటి వంపు. ఎన్ని రోజులు పకడ్‌లో పెట్టి చూసిన వంపు అది. డాక్టరమ్మ చెప్పకముందే గుర్తుపట్టాను.

"ఈడ తీసుడు కాదు. నాగపూర్ తీస్కపోవాల్సొస్తది. దీని తండ్రి ఏడున్నడు?" అందామె.

అత్తమ్మ ఆయనకు ఫోన్ చేస్తోంది. పిల్ల నా ఒళ్లో కూర్చుని నా గాజులు లెక్కపెడుతోంది. అంత లోతున ఇనుము దిగిన పిల్ల అంత మామూలుగా ఎట్లా ఉందో అర్థం కాలేదు. దాని ఊపిరి మీదే చెవి పెట్టి ఉన్నాను.

డాక్టరమ్మ తెర వైపు ఇంకోసారి చూసి, పక్కవాటున ఒక ఎక్స్‌రే తియ్యమంది. రెండో బొమ్మ వచ్చింది. ఎముకలన్నీ ఒకవైపు ఉన్నాయి. తెల్లటి వంపు వాటికి ముందు, శరీరం బయట, గాలిలో ఉంది. ఆమె లేచి వచ్చి స్వెటర్ ఊలు వేళ్లతో వెతికింది. బొత్తాల పట్టీ లోపల దొరికింది. నోరు తెరిచినప్పుడో అంతకు ముందో జారి, ఊలుకు పట్టుకుంది.

"గాలానికి స్వెటర్ పడ్డది," అంది అత్తమ్మ. నర్సు నవ్వింది, ఎక్స్‌రే అతను నవ్వాడు. అత్తమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు.

"ఇంట్ల చేపలు పడ్తరా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదు మేడం. ఈకలు కడుత."

ఆమె గాలాన్ని దూదిలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ ప్రశ్న ఇప్పటికీ, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే కూడా, చెవిలో ఉంది.

ఆ సాయంత్రం గాలాల డబ్బాను బీరువా పైన పెట్టి, దాని మీద సూట్‌కేసు పెట్టాను. మా ఆయన వచ్చి చిన్నదాన్ని చాలాసేపు ఎత్తుకుని, "పారెయ్," అన్నాడు. సరేనన్నాను. పారేయలేదు. తర్వాత స్వెటర్‌లో తెగిన ఊలు కుట్టడానికి కూర్చుని, తల ఎత్తితే పెద్దది నన్నే చూస్తోంది. సూది నా పెదవుల మధ్య ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు.

పొద్దున పాలు తాగేటప్పుడు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నిన్న చిన్నదాని తప్పు లేదని చెప్పాను. "నేను చేసుడు చూసి చేసింది. నేను మా అవ్వను చూసి నేర్చుకున్న. అది మంచి అలవాటు కాదు. ఇగ నా నోట్ల దారంగాని సూదిగాని కనబడితే మీరు ఊకోవద్దు. అమ్మా తియ్యి అని గట్టిగ చెప్పాలె. నాయనమ్మ ముంగట్నైనా సరే."

చిన్నది తల ఊపింది. పెద్దది గ్లాసు కింద పెట్టి ఆలోచించింది.

"అమ్మమ్మకు గూడ చెప్పాల్నా?"

"అమ్మమ్మకు నేను చెప్త," అన్నాను.