చేతిలో కదలని పిచ్చుక

పక్షుల మీద పరిశోధన చేసే ఆవిడను అందరూ పిట్టల మేడమ్ అంటారు. ఆవిడ గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉంటాయి. వలలో పడ్డ పిచ్చుక మెడను రెండు వేళ్ల నడుమ ఇముడ్చుకుని, రెక్క కింది ఈకలను ఉఫ్‌మని ఊది, సన్నని సూదితో ఒక్క చుక్క నెత్తురు తీస్తుంది. భయం నెత్తుటిలోకి ఎక్కకముందే తీయాలని ఆవిడ తొందర. ఇంట్లో గరిటె పట్టుకున్నా పిచ్చుకను పట్టినట్టే ఉంటుందని భర్త వేళాకోళం. మొన్న, గుర్తుకని కాలికి రింగు తొడిగి వదిలిన పాత పిచ్చుకే మళ్లీ వలలో పడింది. నిరుడు వేలు కొరికి, గింజుకుని, నానా యాగీ చేసిన పిట్ట ఈసారి కిక్కురుమనలేదు. "మీకు మాలిమి అయిపోయింది మేడమ్" అంది సాయానికి కొత్తగా చేరిన అమ్మాయి. "మాలిమా? రొమ్ము మీద వేలు పెట్టి చూడు." వేలు పెట్టిన అమ్మాయి చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది. లోపల పిట్ట గుండె దడదడలాడిపోతోంది. "గింజుకుని లాభం లేదని తెలిసిపోయిందమ్మా దానికి" అంది మేడమ్.

ఆదివారం భార్యాభర్తలు కొడుకును చూడటానికి హాస్టల్‌కి వెళ్లారు. పోయినసారి తల్లి చెయ్యి వదలకుండా గేటు దాకా ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లాడు, ఈసారి నున్నగా తల దువ్వుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఏమడిగినా "బానే ఉందమ్మా" అన్నాడు. "చూశావా, అలవాటు పడిపోయాడు. నువ్వే ఊరికే బెంగపెట్టుకున్నావ్" అన్నాడు భర్త, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. లోపల గంట కొట్టారు. పిల్లాడు బుద్ధిగా లేచి నిలబడ్డాడు. విడిపోయిన చొక్కా గుండీ పెడదామని ఆవిడ వాడి రొమ్ము మీద వేళ్లు ఆనించింది. గుండీ పెట్టేశాక కూడా ఆ వేళ్లు అక్కడి నుంచి రాలేదు.