రూతవ్వ గుడ్ల మీది పేర్లు

మా మాలవాడ పిల్లలకు మొదటి అక్షరాలు బళ్లో రాలేదు, ఈస్టరు గుడ్ల మీద వచ్చాయి. నేర్పింది రూతవ్వ. మెట్‌పల్లికి మూడు కోసుల దూరంలోని మా ఊళ్లో ఒక చిన్న చర్చి ఉండేది. దాని గంట కొట్టేవాడు ఆమె మొగుడు. ఆయన పోయాక ఆ పని ఆమెకే వచ్చింది. చిన్నప్పుడు మిషను బడిలో మూడో తరగతి దాకా చదివింది. ఆ కాస్త చదువునే బతుకంతా పంచిపెట్టింది.

హోలీకి ఊరంతా మోదుగుపూలు తెచ్చి రంగు కాస్తే, ఆమె మాత్రం ఓ చాటెడు పూలు ఎండబెట్టి ఈస్టరుకు దాచేది. ముందురోజు గుడ్లు ఉడికించి, చల్లార్చి, చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కతో ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు రాసి, మోదుగు రంగులో నానేసేది. మైనం ఉన్నచోట రంగు పట్టదు. పండుగనాడు సమాధుల దగ్గర ప్రార్థన కాగానే, పసుప్పచ్చని గుడ్డు మీద తెల్లగా తేలిన పేరును మా చేతిలో పెట్టి "సదువు. సదివినంకనే తిను" అనేది. చదవలేకపోతే గుడ్డు లేదు. నాకు రెండేళ్లు దక్కలేదు. ఆ ఉక్రోషంతోనే నాకు చదువొచ్చింది.

ఆమె మనవరాలు ఎస్తేరు నాలుగో ఏటనే గడగడా చదివేసింది. బడిలోనూ అన్నిట్లో ముందే. కానీ ఊళ్లో ఐదో తరగతితో బడి అయిపోతుంది. అరవై రెండులో కరీంనగర్‌లోని ఆడపిల్లల సర్కారు హాస్టలుకు దరఖాస్తు పెట్టారు. దానికి కులం కాగితం కావాలి. క్రైస్తవులైతే ఆ కాగితం రాదు. అందుకని పిల్ల తండ్రి, రూతవ్వ కొడుకు ముత్యం బడిలో పిల్ల పేరు ఎల్లవ్వ అని రాయించాడు. గోడ మీది సిలువ తీసి, గడపకు పసుపు పూశాడు. బిడ్డ చదువు కోసం దేవుణ్ణి దాచిపెట్టుకోవాల్సి వచ్చిన తండ్రిని తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఆ కాగితం విచారణకు రెవెన్యూ గిర్దావరు ఈస్టరు మర్నాడు వస్తాడని కబురొచ్చింది.

"అవ్వా, గీ యేడు మన పిల్లకు గుడ్డియ్యకు. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు ముత్యం.

రూతవ్వ సరేనంది. కానీ వాడంతటికీ పంచి, తన పిల్ల ఒక్కతే ఉత్త చేతులతో నిలబడితే ఆమె మనసు ఒప్పలేదు. కొంగుచాటున ఒకటి ఇచ్చి, "జల్ది తిని పొట్టు పొయ్యిల వెయ్యి బిడ్డా" అని చెప్పింది. ఎస్తేరు తినలేదు. ఇంట్లో ఎక్కడా లేకుండా పోయిన తన పేరు ఆ గుడ్డు మీదే మిగిలింది. దాన్ని పగలగొట్టడానికి చేతులు రాక, పాతగుడ్డలో చుట్టి బడి సంచిలో దాచుకుంది.

గిర్దావరు బడి అరుగు మీద కూర్చున్నాడు. చెడ్డవాడేం కాదు. మేమంతా చుట్టూ మూగాం.

"నీ పేరేంది?"

"ఎల్లవ్వ, సారు."

"ఎవల్ని మొక్కుతరు?"

"పోచమ్మను."

ఆయన కలం తీశాడు. సరదాకే అన్నాడో ఏమో, "సదువొస్తదా మరి? పుస్తకం తీయి" అన్నాడు. పుస్తకం లాగితే చుట్టిన పాతగుడ్డ ఊడి, దానితోపాటు గుడ్డు కూడా దొర్లుకుంటూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన తీసుకుని తిప్పి చూసి, పిల్ల ముందు పెట్టాడు.

"గిదేందో రాసున్నది. సదువు."

గుడ్డు ముందు పెట్టి చదవమంటే చదవకపోవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. "ఎస్తేరు" అని చదివింది. బాపమ్మ రూతవ్వ నేర్పినట్టే, గట్టిగా, తడబడకుండా.

"ఎస్తేరెవలు?"

పిల్ల తండ్రి వైపు చూసింది. ముత్యం తలవంచుకున్నాడు. గిర్దావరు "సర్కారు కానూను ముత్యం, నేనేం జేస్త" అంటూ క్రైస్తవులని రాశాడు. ముత్యం తెచ్చిన నీళ్లు మాత్రం ముట్టలేదు. కాగితం మీద మమ్మల్ని మాలలు కారని తేల్చిన మనిషికి, చెంబు చూడగానే మేం మాలలమేనని గుర్తొచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

వానలు పడేనాటికి ఎస్తేరు హాస్టలుకు బదులు బీడీల చాట ముందు కూర్చుంది. ముత్యం తల్లితో మాట మానేశాడు. రూతవ్వ ఇంటికి ఎవరొచ్చినా, "నేను రాయకుంటే ఏం పోతుండె? నోట్లకు పోయేదాని మీద పేరెందుకు?" అని తనను తానే తిట్టుకునేది.

మరుసటి ఈస్టరుకు ఆమె అందరికీ తెల్ల గుడ్లే పంచింది. రంగు లేదు, పేర్లు లేవు, ఎవరినీ చదవమనలేదు. చివర ఎస్తేరు వచ్చింది. తంబాకు వాసన వేసే వేళ్లతో గుడ్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద ఎవల పేరున్నది బాపమ్మా?"

"ఎవలదీ లేదు బిడ్డా."

"అయితే నాదే" అని, పక్కనున్న సమాధి రాయికి కొట్టి, ఒలుచుకుని, మా అందరి ముందే తినేసింది.