వదిన తీసిన కొంగలు

ఇవాళ మేడ మీద తడి దుప్పటి దులుపుతుంటే అది ఫట్‌మని చప్పుడు చేసింది. బరంపురం పక్కన అంకులి పొలాల్లో కొంగలు ఒక్కసారిగా లేచినట్టనిపించి, చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. మా వదిన గుర్తొచ్చింది. వదినంటే మా వారి అక్కగారు, ఆయన అప్పా అని పిలిచే సుభద్రమ్మ. గంజాం జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రం కిందే ఉన్న రోజుల్లో బరంపురం బడా బజార్‌లో మాకు ఫోటో స్టూడియో ఉండేది. మగవాళ్ళకు మా వారు తీసేవారు. పరాయి మగవాడి ఎదుట కూర్చోవడానికి ఒప్పుకోని ఆడవాళ్ళకు వెనక గదిలో వదిన తీసేది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. కెమెరా పట్టాక ఇక ఎవరి జాలినీ దగ్గరకు రానివ్వలేదు.

నేను పురుషోత్తంపూర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చాను. నోట్లో నాలుక లేని పిల్లనని పేరు. స్టూడియోలో రోజంతా తెలుగులోనూ ఒడియాలోనూ వినబడేది ఒకటే మాట: కదలకండి. తల ఊగకుండా మెడ వెనక ఇనప కొక్కెం కూడా పెట్టేవారు. వారమంతా ఆ మాట చెప్పి చెప్పి విసుగెత్తి కాబోలు, ఆదివారం పొద్దున్నే వదిన జట్కా కట్టించి, చేతి కెమెరాతో నన్ను కూడా అంకులి వైపు లాక్కుపోయేది. నాగలి వెనకాల దిగిన కొంగలు లేచేటప్పుడు తీయాలని ఆవిడ పట్టుదల.

మొదటిసారి నా చేతికి కెమెరా ఇస్తే, స్టూడియో అలవాటు కొద్దీ బిగుసుకుపోయి నిలబడ్డాను. కొంగ వచ్చింది, పోయింది.

"ఏటే, కొయ్యలాగ నిలబడిపోనావు? అది నీకోసం ఆగుతాదేటి?" అని నవ్వింది వదిన. "దాన్తోపాటు నువ్వూ తిరుగు. నొక్కీసేక కూడా ఆగిపోకు."

"బొమ్మ అలికీసినట్టు వస్తాది కదా వదినా?"

"రానీ. ఎగిరేది ఎగిరినట్టే రావాలి గానీ!"

అప్పట్లో ఫిల్ముకు బదులు గాజు ప్లేటే, తెల్ల కొంగ దాని మీద నల్లగా పడేది. తల, ముక్కు తేటగా ఉండేవి. రెక్కలు పొగలా కమ్ముకునేవి. వెనకనున్న గడ్డి మగ్గం మీద దారాల్లా బారుగా సాగిపోయేది. చూస్తే నాకు ఒళ్ళు పులకరించేది. మా వారికి మాత్రం అవి పాడైన ప్లేట్లు. పాడైనవాటిని సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి, పైపూత గీకేసి, ఆ అద్దాలను ఫోటో ఫ్రేములకు వాడుకోవడం మామూలే. ఓ మధ్యాహ్నం వదిన ఇంట్లో లేనప్పుడు ఆయన కొంగల ప్లేట్లు దాచిన పెట్టె ముందేసుకు కూర్చున్నారు. నేను చూసేసరికి సగం ప్లేట్లు ఉత్త అద్దాలైపోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకంటూ ఆ ఇంట్లో ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.

"అది కడగకండి," అన్నాను. పెళ్ళయ్యాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆయన ప్లేటును వెలుతురుకెత్తి, "ఇందల పిట్టేదీ? అంతా సెదిరిపోనాది," అన్నారు.

"సెదిరిపోలేదండి. ఎగుర్తంది."

ఆయన మిగిలిన ప్లేట్లు మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. ఒప్పుకుని కాదు, నాకూ గొంతుందని తెలిసి బిత్తరపోయి. మిగిలిన ప్లేట్లు మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. సాయంత్రం వదిన ఆ ఉత్త అద్దాలు చూసి, "పోనీలే, కొంగలు మళ్ళీ రావేటి?" అంది గానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాతి ఆదివారం కెమెరా నాకే ఇచ్చింది. నేను కొంగ వెంట తిరుగుతుంటే, దాన్నే చూస్తూ పక్కన తిరుగుతున్న వదిన అడ్డొచ్చింది. ఆగకుండా నొక్కేశాను. కొన్నేళ్ళకు జ్వరం వచ్చి వదిన పోయింది. ఊళ్ళో అందరి ఫోటోలూ మా దగ్గర ఉన్నాయి, ఆవిడది లేదు. ఉన్నది నేను తీసిన ఆ ఒక్క ప్లేటే. మా వారే ప్రింటు తీశారు. చెంగు ఓ పక్కకు సాగిపోయింది, ముఖం ఆనవాలు లేదు. ఎవరని బంధువులు అడిగారు.

ఆయన ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని, "అప్పే. ఉన్నదున్నట్టు మా అప్పే," అని పసిపిల్లాడిలా ఏడ్చారు.

ఇప్పుడు నా మనవరాళ్ళు, ఈ ముసలమ్మకు ఎంత నోరో అని వేళాకోళం చేస్తారు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదే, మా వదిన ఇచ్చి వెళ్ళింది అంటాను.