చేతికివ్వని మిరపకాయలు: గుంటూరు నుంచి పర్చూరు మీదుగా వాడరేవు

సరదాగా వెళ్ళిన ప్రయాణం కాదిది, ముందే చెప్పేస్తున్నాను. వాడరేవులో చేపల వేపుడు ఎక్కడ బాగుంటుందో తెలుసుకుందామని వచ్చినవాళ్ళు నిరాశపడతారు. మా మేడ మీద గదిలో అద్దెకున్న చికొండి అనే అమ్మాయి పని మీద వెళ్ళాం. ఆఫ్రికాలో మలావి వాళ్ళ దేశం. వాళ్ళమ్మ కూడా మనలాగే పొగాకు, మిరప వేసే మనిషి. ఈ పిల్ల స్కాలర్‌షిప్ మీద గుంటూరొచ్చి వ్యవసాయంలో ఎమ్మెస్సీ చేస్తుండేది. బయటి దేశంలో పీజీకి స్కాలర్‌షిప్ రావడమంటే వాళ్ళ ఊళ్ళో ఎంత గొప్పో, అంతకంత మెడ మీద కత్తి కూడా. గడువు రెండేళ్ళు, అది ఈ వేసవితో సరి. ఈలోగా థీసిస్ ఇచ్చేస్తే యూరప్‌లో పీహెచ్‌డీకి ఇంకో స్కాలర్‌షిప్ సిద్ధంగా ఉండేది. ఇవ్వలేకపోతే డిగ్రీ లేదు, ఆ పీహెచ్‌డీ లేదు. ఇంటికి విమానం టికెట్టు మాత్రం ఇస్తారట.

ఆ థీసిస్ అంతా పర్చూరు అవతల ఒక పల్లెలో, సుబ్బారావు గారనే రైతు చేలో ఉంది. ఆయన చేలో కొన్ని మిరప చెట్లకి ఈ పిల్ల నీలం రిబ్బన్లు కట్టుకుంది. ఆ చెట్ల పండు కాయలు మూడు కోతలవీ తెచ్చి తూచి, గింజ తీసి చూడాలి. రెండు కోతలు అయ్యాయి. అప్పుడు కాలేజీ జీపులో గుంపుగా వెళ్ళి వీళ్ళే కోసుకొచ్చారు. మూడో కోతకి మాత్రం ఒక్కతే బస్సెక్కి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. పది రోజుల పాటు గదిలోంచి బయటికి రాలేదు. నేనే తలుపు కొట్టి పులిహోర పెట్టి అడిగితే బావురుమంది. "ఆయన తీసి ఉంచిన శాంపిల్స్ తీసుకుందామని రెండు చేతులూ చాచాను ఆంటీ. ఆయన నా మొహం చూసి, వెనక్కి తగ్గి, నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు. కుక్కకి పెట్టినట్టు." నాకు ఒళ్ళు మండిపోయింది. పదవే, ఆ పెద్దమనిషి సంగతేంటో నేను కనుక్కుంటానన్నాను.

పొద్దున్నే ఏడింటికి గుంటూరు బస్టాండులో ఒంగోలు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు కదా, నేను ఆధార్ చూపించి దర్జాగా కూర్చున్నాను. కండక్టరు చికొండి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, "ఇది చెల్లదు మేడం, మన రాష్ట్రం వాళ్ళకే" అని నవ్వి టికెట్టు కొట్టాడు. తప్పు ఆయనది కాదు. చిలకలూరిపేట దాటాక మబ్బు పట్టేసింది. మిర్చి కల్లాల్లో ఆరబోసిన రోజుల్లో మబ్బు పడితే ఈ దారిలో ఎవరి మొహంలోనూ కళ ఉండదు. బస్సులో మగవాళ్ళంతా కిటికీల్లోంచి ఆకాశం వంకే చూస్తున్నారు. చికొండి మాత్రం ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

గంటన్నరలో మార్టూరులో దిగాం. గ్రానైటు దుమ్ము రోడ్డు పక్క చెట్లనీ, టీ కొట్టు రేకునీ బూడిద రంగు చేసేసింది. ఇడ్లీ బాగుంది, పల్లీ పచ్చడి మాత్రం నోరు కాల్చేసింది. అక్కణ్ణుంచి పర్చూరు వైపు బస్సులు తక్కువ, షేర్ ఆటోలే దిక్కు. తలకి యాభై అడుగుతారు, ముప్పైకి వస్తారు. మేం ఎక్కిన ఆటో డ్రైవరు అద్దం సర్దుకుని మరీ వెనక్కి చూడటం మొదలెట్టాడు.

"ఏం బాబూ, రోడ్డు ముందుంది" అన్నాను.

"ఊరికే అండీ. ఏ దేశం అండీ వీళ్ళది? మన తిండి తింటారా?"

"నీకంటే కారం ఎక్కువ తింటుంది. ముందు చూసి నడుపు."

చికొండికి తెలుగు అర్థం కాదు కానీ ఇలాంటి సంభాషణ ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. తల బయటికి తిప్పుకుంది. రోడ్డుకి అటూ ఇటూ తీసేసిన పత్తి చేలు, నల్ల రేగడి మీద ఎండిపోయిన మోళ్ళు. ఆ దారిలో చూడ్డానికి ఇంకేం లేదు.

పల్లె చేరేసరికి పదిన్నర. సుబ్బారావు గారు కల్లంలో మిర్చి మీద టార్పాలిన్ పట్టాలు కప్పే హడావుడిలో ఉన్నారు. అరవై దాటిన మనిషి, తలకి తువ్వాలు. ఆయన భార్య రత్తమ్మ గారు మమ్మల్ని చూడగానే, "కొండమ్మ వచ్చిందయ్యోయ్!" అని కేకేసింది. చికొండి అంటే నోరు తిరగక కొండమ్మని చేసుకున్నారట. కుక్కకి పెట్టినట్టు పెట్టిన ఇంట్లో ఈ పిలుపేమిటా అని నేను కొంచెం తగ్గాను. అయినా వచ్చిన కోపం ఊరికే పోదుగా.

"ఏమండీ, దేశం కాని దేశం నుంచి వచ్చిన ఆడపిల్ల రెండు చేతులూ చాస్తే నేల మీద పడేస్తారా? ఇదేం మర్యాదండీ?" అన్నాను.

ఆయన పట్టా వదిలేసి నా వంక వింతగా చూశాడు. "పడెయ్యలేదమ్మా, గోనె పరిచి పెట్టాను. మిరగ్గాయలు చేతికెవరన్నా ఇస్తారా? మీరు తెలుగోళ్ళు కాదా ఏంటి?"

అంతే. అప్పుడు వెలిగింది నాకు. ఉప్పు, మిరపకాయలు చేతిలో పెడితే ఇద్దరికీ కొట్లాటలొస్తాయని మా అమ్మ చెయ్యి వెనక్కి లాక్కునేది. నేనూ ఇప్పటికీ కింద పెట్టే ఇస్తాను. చికొండి శాంపిల్స్ శాంపిల్స్ అంటుంటే అవి మిరపకాయలనే నా బుర్రకి తట్టలేదు.

ఇంగ్లీషులో చికొండికి చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. నేను కప్పిపుచ్చుతున్నాననుకుంది. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళు ఏదిచ్చినా మోకాళ్ళు కాస్త వంచి రెండు చేతులతో అందుకోవాలట. ఒంటిచేత్తో తీసుకుంటేనే తప్పట. "అంత మర్యాదగా నిలబడ్డాను, ఆయన భయపడ్డట్టు వెనక్కెళ్ళాడు" అంది. ఆయన భయపడ్డ మాట నిజమే. ఈ పిల్ల రెండు చేతులూ అలా ముందుకు తెస్తుంటే ఎక్కడ చేతిలో పెట్టాల్సొస్తుందో, ఎక్కడ గొడవొస్తుందో అని భయపడ్డాడు.

"మరి తీసుకోకుండా వెళ్ళిపోతే పిలవలేదేమండీ?"

"ఏం పిలుస్తానమ్మా? అప్పటికే చేలో నల్లి పురుగు తగిలింది, కాయ రంగు పోయి తాలు పడుతోంది. చదువుకున్న పిల్ల, ఈ కాయ పనికిరాదనుకుని వెళ్ళిపోయిందనుకున్నాను. నాకూ సిగ్గేసింది."

రత్తమ్మ గారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! ఇంత మాట మనసులో పెట్టుకుని పోయావా? ఈ ముసలోడికి మాత్రం బుద్ధుండక్కర్లా, నోరు తెరిచి ఓ మాట చెప్పొద్దూ!"

ఇద్దరి మాటలూ ఇంగ్లీషులో చెప్పాను, అప్పుడు చికొండి నమ్మి నవ్వింది. పది రోజుల్లో మొదటిసారి. ఆ నవ్వుతోనే అడిగింది, నా చెట్లెలా ఉన్నాయి, ఇప్పుడు కోసుకోవచ్చా అని. నేను తెలుగులో అడిగాను. మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందటి వారం వాన సూచన ఉందని కూలీలని పిలిచి చేనంతా కోయించేశారు. ఎలాగూ వద్దనుకుంది కదా అని రిబ్బన్ల చెట్లు కూడా కోసేశారు. కాయలన్నీ కల్లంలోకి పోయాయి, నల్లి ముదిరిందని చెట్లు పీకేశారు. ఆమె కోసం గోనె మీద పెట్టినవి? అవీ అందులోనే కలిపేశారు. చికొండి కల్లం దగ్గరికి నడిచి పట్టా అంచు ఎత్తి చూసింది. ఎకరం కాయ అంతా ఎర్రగా పరిచి ఉంది. అందులో ఏది ఏ చెట్టుదో ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పట్టా మళ్ళీ సరిగ్గా కప్పి, గాలికి లేవకుండా రాయి కూడా పెట్టి వచ్చింది.

సుబ్బారావు గారు లోపలికెళ్ళి దోసిలి నిండా మంచి కాయలు తెచ్చి నేరుగా ఆమె చేతుల్లో పోశారు. రత్తమ్మ గారు "అదేంటయ్యా!" అంటోంది.

"గొడవొస్తే రానీయవే" అన్నాడాయన. "ఇంతకంటే ఏమొస్తుంది?"

ఆ కాయలు పరిశోధనకి పనికిరావు. చికొండి మోకాళ్ళు వంచి రెండు చేతులతో పట్టుకుంది. అన్నం తినమని బలవంతపెట్టారు. ముద్దపప్పు, గోంగూర, మజ్జిగ. రత్తమ్మ గారు వడ్డిస్తే ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.

తిరిగి మార్టూరు వెళ్ళబుద్ధి కాలేదు. పర్చూరులో చీరాల బస్సెక్కాం, ముప్పావుగంట. చీరాల నుంచి వాడరేవుకి ఆటోలో పావుగంట పైనే, మనిషికి ఇరవై. దారిలో చికొండి ఉన్నట్టుండి అడిగింది: "ఆంటీ, ఇది అవమానం కాదని తెలిసింది. సరే. గది ఖాళీ ఉందని బోర్డు పెట్టి నన్ను చూడగానే లేదన్నారే, ఆ ఇళ్ళవాళ్ళు? బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడి వచ్చేవాళ్ళు? అవన్నీ కూడా మీ ఆచారాలేనా?" కాదమ్మా, అవి అవమానాలే అన్నాను. "అందుకే తేడా తెలియలేదు" అంది.

వాడరేవులో సముద్రం సీసం రంగులో ఉంది. మబ్బుకి ఎండుచేపలు ఎత్తేశారు, వాసన మాత్రం మిగిలింది. పడవ పక్కన కూర్చుని చికొండి తన థీసిస్ గైడుకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, ఇంకో పంట కాలం గడువు అడగమని బతిమాలింది. పక్కన నేనున్నానని తెలిసి ఆయన నాతో మాట్లాడతానన్నారు. మంచి మనిషే, గొంతులోనే తెలుస్తోంది. "మూడో కోత లేకుండా థీసిస్ నిలబడదు మేడం. గడువు నా చేతిలో లేదు, పైవాళ్ళకి రాస్తాను. చూద్దాం లెండి" అన్నారు.

ఫోన్ తిరిగిచ్చాను. "ఏమన్నారు ఆంటీ?"

"రాస్తానన్నారు. చూద్దాం అన్నారు."

"చూద్దాం అంటే? చూస్తారన్నమాట! ఛాన్స్ ఉందన్నమాట!" ఆ మొహం వెలిగిపోయింది. అమ్మకి ఫోన్ చేస్తానని నంబరు నొక్కబోయింది.

చెప్పకుండా ఉంటే ఆ పూటైనా ఆ వెలుగు ఉండేది. కానీ ఆ పిల్ల ఫోన్లో వాళ్ళమ్మకి ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. చెయ్యి పట్టుకుని ఆపాను. "వద్దమ్మా. మా దగ్గర చూద్దాం అంటే కాదని. మొహం మీద కాదనలేక అలా అంటాం."

ఫోన్ బ్యాగులో పెట్టి జిప్పు వేసేసింది. "మీ భాషలో కాదు అనే మాట లేదా ఆంటీ?" అంది.

గడువు రాలేదు. యూరప్ సీటు ఇంకెవరికో వెళ్ళింది. చికొండి మలావి వెళ్ళిపోయి నెల దాటింది, మేడ మీద గదికి తాళం వేసి ఉంది. ఎవరిది తప్పని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. కింద పెట్టినాయనదా, అడక్కుండా వెళ్ళిపోయిన పిల్లదా? ఇద్దరూ మర్యాదే చేశారు. ఒక చదువు పోవడానికి ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదని తెలిసి మనసు మరీ పాడైంది. చెడ్డవాడొకడు దొరికి ఉంటే తిట్టుకునైనా ఊరుకునేదాన్ని.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. వాడరేవులో చీకటి పడ్డాక చీరాలకి ఆటోలు దొరకవు, ఐదింటికల్లా బయల్దేరండి. మీ ఇంట్లోనో, కాలేజీలోనో అంత దూరం నుంచి వచ్చిన పిల్లలు ఎవరైనా పల్లెలకి పని మీద వెళ్తుంటే, తోడు వెళ్ళండి. ఒంటరిగా పోయే మొదటిసారే వెళ్ళండి. నేను రెండోసారి వెళ్ళాను.